ఇల్లు కొనేముందు ఆ మిషన్ సంగతి చూడు

చిన్నా,

గోథెన్‌బర్గ్‌లో చూసిన ఇల్లు నీకూ అమ్మాయికీ బాగా నచ్చినట్టుంది. సంతోషం. ఫొటోలో బట్టలుతికే గదిలో నిలువెత్తు ఫ్రిజ్‌లా కనిపిస్తున్నది ఫ్రోన్‌లుఫ్ట్ (స్వీడిష్‌లో బయటికి పోయే గాలి) హీట్ పంపు. సంతకం పెట్టేముందు దాని సంగతి తెలుసుకో.

బాత్‌రూం, వంటిల్లు, ఆ గదిలోంచి బయటికి పోయే వెచ్చని గాలిలోంచి వేడిని లాగి రేడియేటర్లకీ స్నానాల నీళ్లకీ ఇస్తుందది. మంచి ఆలోచనే. కానీ పోయే గాలి ఎంతో, దొరికే వేడీ అంతే. స్వీడన్‌లో చదరపు మీటరుకి సెకనుకి 0.35 లీటర్ల గాలి మారాలని నిబంధన. నువ్వు చూసిన 140 చదరపు మీటర్ల ఇంటికి 49 లీటర్లు. పాత మిషన్ ఆ గాలిని 20 డిగ్రీల నుంచి 5కి చల్లబరిస్తే గాలిలోంచి వచ్చేది ఒక కిలోవాట్‌లోపే. జనవరి చలికి అది ఏ మూలకీ చాలదు. మిగతాదంతా లోపలున్న ఎల్‌పత్రూన్ ఇస్తుంది. అది మన గీజర్ కాయిల్ లాంటిదే, కరెంటు తాగేస్తుంది. ఇన్వర్టర్ ఏసీలా అవసరాన్నిబట్టి వేగం మార్చుకునే కొత్త ఇన్వర్టర్ రకాలు అదే గాలిని సున్నా కిందికీ చల్లబరిచి ఇంకా వేడి లాగుతాయి. అందుకే మిషన్ వయసెంతో, పోయిన జనవరిలో ఎన్ని యూనిట్లు కాలాయో అమ్మేవాళ్లని అడుగు. ఎల్‌పత్రూన్ ఎన్ని గంటలు నడిచిందో చాలా మిషన్ల మెనూలోనే ఉంటుంది.

మా మొదటి చలికాలంలో చలిగాలి కొడుతోందని కిటికీల పైనున్న గాలి రంధ్రాల్లో మీ అత్తయ్య గుడ్డలు కుక్కింది. ఫిల్టర్ ఉంటుందనే నాకు తెలియదు. బిల్లు చూసి గుండె జారి మూత తీస్తే, బట్టల నూగూ పోపు జిడ్డూ కలిసి బూడిదరంగు దుప్పటి ముక్కలా అట్టకట్టి ఉంది. కడిగి పెట్టి, గుడ్డలు లాగేశాక గాలి మళ్లీ ఆడింది.

మార్చాల్సి వస్తే, డబ్బు సర్దుబాటైతే నా ఓటు బోరుకే. మన ఊళ్లో నీళ్ల కోసం వేసినట్టు ఇక్కడ వేడి కోసం రాతిలోకి 150, 200 మీటర్లు వేస్తారు. ఎంత చలిలోనైనా కింద రాయి గడ్డకట్టదు. అయితే పాత మిషన్ తీసేస్తే గాలి లాగే ఫ్యానూ దానితోనే పోతుంది. వేరే ఫ్యాన్ ఖర్చు కొటేషన్‌లో రాయించుకో. ఏ రకమైనా సరే, కరెంటు ఆదా అని ట్యాంకు నీళ్లు 60 డిగ్రీల కంటే తగ్గించకు, లెజియొనెల్లా అనే జబ్బు చేసే బ్యాక్టీరియా పెరుగుతుంది.

శనివారం వెళ్లినప్పుడు ఫిల్టర్ మూత తీయించి ఫొటో పంపు. పడకగది గోడకి చెవి ఆనించి కంప్రెసర్ చప్పుడు కూడా విను.

మీ మామయ్య