జిడ్డు ముఖానికి వంటింటి వైద్యం ఎంతవరకు?

ఒడిశా సరిహద్దు జిల్లాలైన గంజాం, గజపతి, రాయగడల నుంచి ఈమధ్య మాకు చేరిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ముఖంపై జిడ్డు గురించినవే కావడంతో, ఈసారి శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: నాకు 21 ఏళ్ళు. డిగ్రీ చదువుతున్నాను. ముఖం కడుక్కున్న కాసేపటికే నుదురు, ముక్కు, గడ్డం నూనె రాసినట్టు మెరుస్తాయి. రోజుకు ఐదారుసార్లు సబ్బుతో కడుగుతున్నాను. మాది బోరు నీరు, సబ్బు సరిగా నురగ కూడా రాదు. స్నేహితురాలి మాట విని నిమ్మరసంలో వంటసోడా కలిపి పూస్తే మొదట బాగానే ఉన్నా, ఇప్పుడు బుగ్గలు మండి పొట్టు లేస్తోంది. అమ్మ పెసరపిండి అంటుంది, పిన్ని ముల్తానీ మట్టి అంటుంది. రసాయనాలు లేకుండా ఈ జిడ్డు పూర్తిగా పోయే మార్గం చెప్పండి.
– ఎస్. ఎల్., బరంపురం

జవాబు: ముందుగా నిమ్మరసం, సోడా రెండూ ఈ రోజే ఆపేయండి. ఆరోగ్యంగా ఉన్న చర్మం పైపొర కొద్దిపాటి ఆమ్లగుణంతో, అంటే పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత; అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) సుమారు 5 దగ్గర ఉంటుంది. నిమ్మరసం పీహెచ్ 2 ప్రాంతంలో ఉండే గాఢమైన ఆమ్లం కాగా, వంటసోడా, మామూలు సబ్బు క్షారాలు. ఆమ్లంతో ఒకసారి, క్షారంతో ఒకసారి ఆ పొరను దెబ్బతీస్తుంటే మంట, పొట్టు రాకుండా ఎలా ఉంటాయి? పైగా నిమ్మజాతి రసాలు చర్మంపై ఉండగా ఎండ తగిలితే, వాటిలోని కొన్ని పదార్థాలు సూర్యకాంతితో చర్య జరిపి బొబ్బలను, వారాల తరబడి మానని నల్లమచ్చలను తెస్తాయి. మీ దగ్గరి గోపాలపురం తీరపు సముద్రపు గాలి, ఎండ తెలిసిన మీకు ఆ ఎండ సంగతి నేను చెప్పనక్కరలేదు.

జిడ్డు పూర్తిగా పోవాలన్న మీ కోరికను కూడా కొంచెం సవరించుకోవలసి ఉంటుంది. చర్మంలోని నూనె గ్రంథులు నుదురు, ముక్కు, గడ్డం మీద దట్టంగా ఉంటాయి. యుక్తవయసులో ఆండ్రోజెన్ హార్మోన్ల ప్రభావంతో అవి చురుకెక్కుతాయి, ఉక్కపోత కాలంలో జిడ్డు మరింత కనిపిస్తుంది. పైన పూసే ఏ పిండీ, ఏ మట్టీ ఆ గ్రంథుల పనిని ఆపలేవు. పైకి చేరిన నూనెను మాత్రమే తీస్తాయి, అది కొన్ని గంటలలో మళ్ళీ చేరుతుంది. ఎక్కువగా కడిగితే గ్రంథులు పంతం పట్టి ఇంకా ఎక్కువ నూనె చేస్తాయని తరచు వింటుంటాము కాని, దానికి గట్టి ఆధారం లేదు. అతిగా కడగడం వల్ల జరిగే అసలు నష్టం పైపొర చెడి, చర్మం ఎర్రబారి, ఉన్న మొటిమలు ముదరడమే. మీ ఇంటి బోరు నీటిలోని లవణాలు సబ్బుతో కలిసి తెట్టులా ముఖానికి అంటుకోవడం దీనికి తోడవుతుంది.

ఇక మీ అమ్మగారి మాటే నేనూ చెబుతాను. పెసలలోని సాపోనిన్లు కొద్దిగా సబ్బులా పనిచేస్తాయి, పిండి నూనెను పీలుస్తుంది, మీ బోరు నీటిలాంటి లవణాల నీటిలో తెట్టు కట్టదు. అయితే దాన్ని తయారు చేయడంలోనే చాలామంది తొందరపడతారు. పెసలను బాగా ఎండబెట్టి మిక్సీలో పట్టిన తరువాత, పలుచని నూలుగుడ్డలో పోసి వస్త్రగాళితం చేయాలి. జల్లెడ చాలదు, ఎందుకంటే జల్లెడలోంచి దిగే రవ్వ కూడా ముఖాన్ని గీరుతుంది. పిండిని రెండు వేళ్ళ మధ్య రుద్దితే పౌడరులా జారాలి, గరుకు తగలకూడదు. ఒక చెంచాడు అరచేతిలో వేసుకుని నీటితో జారుగా కలిపి, తడి ముఖానికి వేలికొసలతో అరనిమిషం రాసి, వెంటనే చల్లని నీటితో కడిగేయండి. ఆరేదాకా ఉంచి నలుగులా రుద్దడం ఒంటికి బాగుంటుంది, ముఖానికి పనికిరాదు. ఉదయం ఒకసారి, సాయంత్రం ఇంటికి వచ్చాక ఒకసారి చాలు. మధ్యలో జిడ్డు అనిపిస్తే మెత్తని పాత నూలుగుడ్డతో అద్దుకోండి, తుడవకండి. తీరప్రాంతపు తేమలో పిండి త్వరగా మెత్తబడి పురుగు పడుతుంది కనుక వారానికి సరిపడా మాత్రమే పిండి చేసుకుని గట్టి మూత ఉన్న డబ్బాలో ఉంచండి.

పిన్నిగారి ముల్తానీ మట్టి కూడా మంచిదే, కాని ఇప్పుడు వద్దు. ఆ మంట, పొట్టు పూర్తిగా తగ్గిన తరువాత, వారానికి ఒక్కసారి, మామూలు నీటితోనో పన్నీటితోనో కలిపి ముక్కు, నుదురు, గడ్డం మీద మాత్రమే పలుచగా పూసి పది నిమిషాలకు, మట్టి ఇంకా కాస్త చెమ్మగా ఉండగానే కడిగేయండి. బీటలు వారేదాకా ఉంచితే అది చర్మంలోని తడిని కూడా లాగేస్తుంది.

జిడ్డు చర్మానికి తేమ అవసరం లేదనుకోకండి. కలబంద మట్టను కోసి, కోసిన వైపు కిందకు పెట్టి పావుగంట నిలబెడితే పసుపుపచ్చని జిగురు కారిపోతుంది. దురద పుట్టించేది అదే. తరువాత కడిగి, లోపలి పారదర్శకమైన గుజ్జును పలుచగా రాసుకోవచ్చు. ముందు మోచేతి మడతలో రాసి ఒక రోజు చూసి, ఎరుపు రాకపోతేనే ముఖానికి వాడండి. పసుపు వాడాలనిపిస్తే కస్తూరి పసుపు చిటికెడు చాలు. విడిగా అమ్మే వంట పసుపులో మెటానిల్ యెల్లో, లెడ్ క్రోమేట్ వంటి కల్తీలు కలిసే అవకాశం ఉంది.

ఫలితం కోసం కనీసం నెల, నెలన్నర ఓపిక పట్టండి. చర్మం పైపొర పూర్తిగా మారడానికే సుమారు 28 రోజులు పడుతుంది. మొటిమలు గడ్డల్లా లోతుగా ఉన్నా, నెలసరి తప్పుతూ గడ్డం మీద వెంట్రుకలు మొలుస్తున్నా పిండితో సరిపెట్టుకోవద్దు. ఎం.కె.సి.జి. వైద్యకళాశాల ఆసుపత్రి మీ ఊళ్ళోనే ఉంది, అక్కడ చర్మవ్యాధుల విభాగంలో చూపించుకోండి.

ప్రశ్న: అప్పడాలు, వేపుళ్ళు మానేస్తే ముఖంపై జిడ్డు తగ్గుతుందని ఇంట్లో అంటున్నారు. నిజమేనా?
– కె. ఆర్., బరంపురం

జవాబు: తిన్న నూనె నేరుగా ముఖం మీదకు రాదు. అప్పడాలకు పేరుపడ్డ బరంపురంలో ఉంటూ అప్పడం మానడం పెద్ద శిక్షే, ఆ శిక్ష మీరు వేసుకోనక్కరలేదు. తీపి పదార్థాలు, మైదా, చక్కెర కలిపిన పానీయాలు ఎక్కువైతే కొందరిలో మొటిమలు పెరుగుతాయి, పాల వల్ల కూడా కొందరికి అలా జరుగుతుంది. తగ్గించి చూడాలనుకుంటే వాటితో మొదలుపెట్టండి.

ప్రశ్న: మా అబ్బాయికి 15 ఏళ్ళు. నుదుటి నిండా సన్నని పొక్కులు. మా అత్తగారు రోజూ వాడి తలకు కొబ్బరినూనె దట్టంగా పెట్టి, ఆదివారం ఒంటికి, ముఖానికి ఆవనూనె రాసి స్నానం చేయిస్తారు. నూనె మానితే చర్మం పాడవుతుందని ఆవిడ నమ్మకం.
– పేరు ప్రచురించవద్దన్న పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: పొక్కులు నుదుటి అంచునే ఎక్కువగా ఉంటే, తలనూనె కిందికి దిగి రంధ్రాలను మూసివేయడం దానికి కారణం కావచ్చు. కొబ్బరినూనెకు ముఖంపై రంధ్రాలను మూసే గుణం ఉన్నది. ఆవనూనెలోని ఘాటు కొందరి చర్మాన్ని మండిస్తుంది. అయినా అత్తగారి మనసు నొప్పించి ఈ పని సాధించనవసరం లేదు. ఆదివారం తలంటు కొనసాగనివ్వండి: నూనె మాడుకు పెట్టి, గంటలోపు కుంకుడుకాయతోనో షాంపూతోనో కడిగేస్తే సరిపోతుంది. ఆవనూనెను చేతులకు, కాళ్ళకు రాయనివ్వండి, మెడ పైకి మాత్రం వద్దు. మిగతా రోజులలో తలకు నూనె లేకుండా బడికి పంపి, దిండు గలీబు వారానికి రెండుసార్లు మార్చండి. పొక్కులను గిల్లనివ్వకండి. ఆరు వారాలకూ తగ్గకపోతే వైద్యుని సలహాపై బెంజాయిల్ పెరాక్సైడ్ వంటి పూత మందు వాడవచ్చు. సహజం కాదన్న ఒక్క కారణంతో దాన్ని వద్దనుకుంటే, జీవితాంతం ఉండే గుంతలు మిగిలిపోవచ్చు.

ప్రశ్న: మా ఊరి అమ్మవారి ఉత్సవమైన ఠాకురాణి యాత్రలో మొక్కు తీర్చుకోవడానికి మా అన్నయ్య రోజూ వేషం కడతాడు. రంగు తీశాక ముఖం జిడ్డుగా మారి, కురుపులు వస్తాయి. కిరసనాయిలుతో తుడుస్తున్నాడు. వేరే ఉపాయం ఉందా?
– పి. డి., బరంపురం

జవాబు: కిరసనాయిలు చర్మాన్ని కాలుస్తుంది, దాన్ని వెంటనే మాన్పించండి. నీటి రంగులైతే నీటితోనే పోతాయి. నూనె రంగులు మాత్రం నూనెతోనే కరుగుతాయి కనుక, జిడ్డు చర్మమైనా ఆ ఒక్క సందర్భంలో నాలుగు చుక్కల నువ్వులనూనె దూదిపై వేసి, కళ్ళచుట్టూ మెల్లగా, మిగతా చోట గుండ్రంగా తుడిచి, రంగు పూర్తిగా వచ్చాక పెసరపిండితో రెండుసార్లు కడగాలి. నూనెను ముఖంపై అలాగే వదిలి నిద్రపోవడం వల్లనే చాలామందికి కురుపులు వస్తాయి. రంగు వేయడానికి ముందు తేలికపాటి క్రీము పలుచగా రాస్తే రంగు లోతుగా పట్టదు. మెరుపు కోసం ఇనుప సామాన్లకు వేసే వెండి పెయింటు వాడే అలవాటు కొందరికి ఉంది, అది ముఖానికి తగలనివ్వకండి. రెండేళ్ళకోసారి వచ్చే యాత్రే అయినా అన్ని రోజులు వరుసగా రంగు పడుతుంది కనుక, ఆ రోజులలో ముల్తానీ మట్టి వంటి పూతలేవీ వద్దు.

ప్రశ్న: జిడ్డు తగ్గి తెల్లబడతానని దుకాణంలో ఇచ్చిన క్రీము మూడు నెలలు వాడాను. మొదట ముఖం నిగనిగలాడింది. ఇప్పుడు మానితే ఎర్రగా మండి, మొటిమలు విరగబూస్తున్నాయి. మళ్ళీ రాస్తే తగ్గుతోంది. సహజమైన పూత ఏదైనా చెప్పండి.
– టి. ఎన్., రాయగడ

జవాబు: మీరు రాసిన లక్షణాలు స్టెరాయిడ్ కలిసిన క్రీమును తలపిస్తున్నాయి. బెటామెథసోన్, క్లోబెటసాల్, మోమెటసోన్ అనే పేర్లలో ఏదైనా ట్యూబుపై ఉందేమో చూడండి. 2018లో కేంద్రప్రభుత్వం ఇటువంటి పూతలను వైద్యుని చీటీ లేకుండా అమ్మకూడదన్న పట్టికలో చేర్చినా, దుకాణాలలో చేతికి ఇస్తూనే ఉన్నారు. నెలల తరబడి వాడితే చర్మం పలుచబడి, సన్నని రక్తనాళాలు పైకి కనిపిస్తాయి, ముఖంపై వెంట్రుకలు పెరుగుతాయి. ఈ స్థితిలో పెసరపిండి, కలబంద, వేపనీళ్ళతో సహా ఏ పూతా మీ ముఖం భరించలేదు, అందుచేత నేనేదీ సూచించడం లేదు. చల్లని నీటితో కడిగి, ఎండలోకి వెళ్ళేటప్పుడు చున్నీ కప్పుకోండి. క్రీమును ఒక్కసారిగా ఆపాలో, క్రమంగా తగ్గించాలో చర్మవైద్యులే చెప్పాలి. కోరాపుట్‌లోనో బరంపురంలోనో ఉన్న వైద్యకళాశాల ఆసుపత్రికి ఈ వారంలోనే వెళ్ళండి, వెళ్ళేటప్పుడు ఖాళీ అయిందైనా సరే ఆ ట్యూబును వెంట తీసుకువెళ్ళండి.