పత్యం వంటైనా నోటికి హితవుగా ఉండాలి

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్కారం. మాది ఒడిశాలోని రాయగడ. మావారి వయసు 44, మిల్లులో షిఫ్టుల ఉద్యోగం. ఆమధ్య పరీక్ష చేయిస్తే హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 6.2 వచ్చింది. అత్తగారికి బీపీ ఉంది. మా అమ్మాయికి 13 ఏళ్లు, హిమోగ్లోబిన్ 10.2. ఐరన్ మాత్రలు వేసుకుంటే వికారంగా ఉందని మానేసింది. అప్పటి నుంచి ఇంట్లో నూనె, ఉప్పు, కారం, పులుపు అన్నీ తగ్గించేశాను. నలుగురికి నెలకు లీటరున్నర నూనె మాత్రమే వాడుతున్నాను. పొద్దున ఉప్మా, మధ్యాహ్నం అన్నం, టమాటా పప్పు, రాత్రి చపాతీల్లోకి బీరకాయో సొరకాయో. ఆదివారం చికెన్. అమ్మాయి ‘రోజూ ఇదేనా’ అని కంచం ముందు నుంచి లేచిపోతోంది. మావారేమో డ్యూటీ దిగి వస్తూ బజార్లో బరా (వడలు), ఘుగుని (బఠాణీల కూర) తిని వస్తున్నారని ఈమధ్యే తెలిసింది. రకరకాల వంటలు చేసే టైమ్ నాకు లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, రాయగడ

జవాబు: ముందుగా ఒక మాటమ్మా. ఇంత శ్రద్ధగా వండుతున్నా ఇంట్లోవాళ్లు తినడం లేదంటే మనసుకు కష్టంగానే ఉంటుంది. మీ పద్ధతిలో పెద్ద తప్పేమీ లేదు. కాకపోతే షుగర్ ముందు దశ అనగానే నూనెతో పాటు రుచిని కూడా వంటింట్లోంచి పంపించేశారు. నిమ్మరసం, చింతపండు, కరివేపాకు, వెల్లుల్లి, అల్లం, వేయించిన జీలకర్ర, ఇంగువ, మిరియాలు... మనం వంటలో వాడే మోతాదులో వీటివల్ల షుగర్ పెరగదు, బీపీ పెరగదు. ఇవన్నీ తిరిగి తెచ్చుకోండి. నోటికి హితవుగా లేని పత్యాన్ని ఎవరూ ఎక్కువ రోజులు చేయలేరు. ఇంట్లో తృప్తి లేకపోతే కాళ్లు బజారు వైపే నడుస్తాయి, మీవారి విషయంలో జరిగింది అదే.

నూనె సంగతికొస్తే, నలుగురికి నెలకు లీటరున్నర అంటే ఇప్పటికే బాగా తక్కువ. మనిషికి అర లీటరు దాకా పరవాలేదు. అంటే రోజుకో మంచి పోపుకి, వారానికో రెండు వేపుళ్లకి మీకు అవకాశం ఉంది. బజారు వడలు కాగిన నూనెలోనే మళ్లీ మళ్లీ వేగుతాయి. ఇంట్లో నూనె పిసినారితనంగా వాడి బయట అది తింటే లెక్క ఎక్కడికీ చేరదు.

రకరకాల వంటలు చేయక్కర్లేదు. వండే గిన్నె అదే, పద్ధతి అదే. అందులో వేసే పప్పో, కూరగాయో, పోపో రోజుకొకటి మార్చండి చాలు. పైగా మీరు ఉంటున్న చోటు ఇందుకు ఎంతో అనువైంది. పక్కింటి ఒడియావాళ్ల వంటింట్లోనే మీకు కావలసినవి సగం ఉన్నాయి.

దాల్మానే తీసుకోండి. టమాటా పప్పుకి బదులు వారానికి రెండుసార్లు ఇది చేయండి. కందిపప్పు, శనగపప్పు సగం సగం కడిగి, పసుపు, అల్లం ముక్క, ఒక బిర్యానీ ఆకు వేసి ఉడకనివ్వాలి. సగం ఉడికాక పచ్చి బొప్పాయి, గుమ్మడికాయ, వంకాయ, మునక్కాడ ముక్కలు పెద్దవిగా తరిగి వేయండి. మామూలుగా అరటికాయ, కంద, బంగాళాదుంప కూడా వేస్తారు. మీవారి కోసం ఆ మూడింటినీ తగ్గించి, బొప్పాయి, వంకాయ పెంచండి. ముక్క చిదిమితే మెదగాలి గానీ పప్పులో కలిసిపోకూడదు. చివర్లో ఒక చెంచా నెయ్యి కాచి, ఎండుమిర్చి, పంచఫుటణం వేసి చిటపటలాడనిచ్చి పప్పులో కలపండి. పంచఫుటణం అంటే జీలకర్ర, ఆవాలు, మెంతులు, సోంపు, నల్లజీలకర్ర. దించాక, దోరగా వేయించి దంచిన జీలకర్ర, ఎండుమిర్చి పొడి చిటికెడు పైన చల్లండి. ఆ పొడి వాసనకే సగం ఆకలి పుడుతుంది. గిన్నె మొత్తానికి ఒక చెంచాకు మించి నెయ్యి పడదు, పప్పూ కూరా ఒకే గిన్నెలో అయిపోతాయి, మీ టైమూ కలిసొస్తుంది.

బీరకాయ, సొరకాయల విసుగుకి ఆవ మంచి మందు. మన ఇళ్లలో పనసపొట్టుకీ, అరటికాయకీ ఆవ పెట్టడం ఉండనే ఉంది. ఒడియావాళ్లు బేసరొ అని చేసేదీ దాదాపు అదే, వెల్లుల్లి, జీలకర్ర కూడా కలిపి నూరతారు. ఆవ ముద్ద దించేముందు కలపండి, ఎక్కువసేపు మరిగితే చేదెక్కుతుంది. ఆవనూనె వాడేటట్లయితే సీలు వేసిన ప్యాకెట్టే కొనండి. విడిగా అమ్మే ఆవనూనెలో బ్రహ్మదండి గింజల నూనె కల్తీ కలిసి కాళ్లవాపు, గుండె జబ్బు తెచ్చిన సందర్భాలున్నాయి.

ఇక చోళ్లు, అంటే రాగులు. ఒడిశాలో 2017లో చిరుధాన్యాల పథకం మొదలుపెట్టిన జిల్లాల్లో మీ రాయగడ ఒకటి. అక్కడ మాండియాకు (చోళ్లను ఒడియాలో అలా అంటారు) కొదవ లేదు. 100 గ్రాముల చోళ్లలో 300 మిల్లీగ్రాములకు పైగానే కాల్షియం ఉంటుంది, బియ్యంలో అందులో పదో వంతు కూడా ఉండదు. ఎదిగే అమ్మాయికీ, పెద్దావిడకీ ఇది బాగా పనికొస్తుంది. అయితే చాలామంది షుగర్ ఉన్నవాళ్లు చోడి జావ ఎంత తాగినా మంచిదే అనుకుంటారు. మెత్తటి పిండిని బాగా ఉడికించి పల్చగా తాగితే త్వరగా అరిగి షుగర్ తొందరగానే పెరుగుతుంది. మీవారికి జావ కంటే చోడి రొట్టో, అట్టో మేలు. ఇంట్లో ఉన్న అట్ల పిండిలో సగానికి సగం చోడిపిండి కలిపి, ఉల్లిపాయ, క్యారెట్ తురుము, గుప్పెడు మునగాకు వేసి పోయండి. ఉప్మా రవ్వకి బదులు రెండు రోజులు సామలతో చేయండి. ఒడియాలో వాటిని సువాఁ అంటారు, సంతలో అడిగితే ఇస్తారు. ఉప్మా ఏదైనా కూరముక్కలు రవ్వతో సమానంగా పడాలి.

సంత అన్నాను కాబట్టి, కొండ ఊళ్ల నుంచి వచ్చేవాళ్ల బుట్టల్లో ఏ ఋతువులో ఏముందో చూసి కొనండి. మునగాకు, గోంగూర, తోటకూర, వానాకాలంలో వెదురు కొమ్ములు, బొబ్బర్లు, ఉలవలు. వెదురు కొమ్ములు ముక్కలు కోసి బాగా ఉడికించి ఆ నీళ్లు పారబోశాకే వండాలి, పచ్చివాటిలో సైనైడ్‌గా మారే పదార్థం ఉంటుంది. అడవి పుట్టగొడుగుల విషయంలో మాత్రం తెలిసిన రకమని ఎవరు చెప్పినా నమ్మి కొనకండి. పెంచినవే కొనండి.

మీవారి సాయంత్రం ఆకలిని తక్కువ చేయకండి. షిఫ్టు దిగిన మనిషికి నిజంగానే ఆకలి వేస్తుంది. ఘుగుని చెడ్డదేమీ కాదు, దాని పక్కన ఉన్న బరాతోనే చిక్కు. రాత్రి ఎండు బఠాణీలు నానబెట్టి పొద్దున కుక్కర్లో ఉడికించి పెట్టుకోండి. సాయంత్రం ఉల్లి, అల్లం, వెల్లుల్లి, టమాటా వేయించి అందులో కలిపి, జీలకర్ర పొడి, కొత్తిమీర, పచ్చి ఉల్లిముక్కలు, నిమ్మరసం వేసి ఒక గిన్నెడు ఇవ్వండి. పైన మూఢీ (మరమరాలు) కావాలంటే ఒక గుప్పెడు, అంతకు మించి వద్దు. బఠాణీల బదులు ఒకరోజు బొబ్బర్లు, ఒకరోజు మొలకెత్తిన పెసలు. ఇంటికి రాగానే ఇది దొరుకుతుందని తెలిస్తే బజార్లో ఆగాలనిపించదు. రాత్రి భోజనంలో కూర సగం కంచం, పప్పో గుడ్డో చేపో పావు, అన్నమో చపాతీయో పావు ఉండేలా చూడండి. ముందు కూర, పప్పు తిని తర్వాత అన్నం తింటే భోజనం తర్వాత షుగర్ అంతగా ఎగరదు.

అత్తగారికి ఉప్పు విషయంలో జాగ్రత్త అవసరం. రోజు మొత్తానికి అంచుకు సమంగా ఒక టీస్పూను, అంటే 5 గ్రాములు. కూరలో తగ్గించి పక్కన ఊరగాయ, అప్పడం, బడి (వడియాలు), ఎండుచేప వడ్డిస్తే లాభం లేదు. వాటి బదులు వలిసెలో నువ్వులో వేయించి, వెల్లుల్లి, ఎండుమిర్చితో దంచి, ఉప్పు మామూలులో సగం వేసిన పొడి పెట్టండి. నిమ్మకాయ పిండితే ఉప్పు తక్కువని నాలుకకు తెలియదు. ఆవిడకు పళ్లు ఇబ్బందైతే సంతుళా చేసిపెట్టండి. కూరగాయలు నీళ్లలో ఉడికించి, కాసిని పాలు పోసి, పంచఫుటణం పోపు పెట్టడమే, నమలడానికి సుఖంగా ఉంటుంది. బీపీ మాత్రలు మాత్రం తిండి మారిందని ఆపొద్దు.

అమ్మాయి గురించే నాకు ఎక్కువ ఆందోళన. 13 ఏళ్ల పిల్లకి హిమోగ్లోబిన్ 12 ఉండాలి. 10.2 అంటే మధ్యస్థాయి రక్తహీనత, అది ఒక్క తిండితో సరిపోదు, మాత్రలు తప్పవు. వికారంగా ఉంటే రాత్రి అన్నం తిన్నాక వేసుకోమనండి. అయినా పడకపోతే మానేయకుండా డాక్టర్‌కి చెబితే మాత్ర మారుస్తారు. నులిపురుగుల మందు ఈమధ్య వేయకపోతే వేయించండి. మీ ప్రాంతంలో వంశపారంపర్యంగా వచ్చే సికిల్ సెల్ అనే రక్త సమస్య ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ పరీక్ష, తలసీమియా పరీక్ష ఇంతవరకు చేయించకపోతే ఒకసారి చేయించండి. నెలసరి ఎక్కువగా అవుతోందేమో మీరే నెమ్మదిగా కనుక్కోండి. ఈ వయసు పిల్లలు అడిగితే గానీ చెప్పరు.

తిండిలో ఆ అమ్మాయికి రోజూ ఒక గుడ్డు ఇవ్వండి. ఆదివారం చికెన్‌తో పాటు వారం మధ్యలో ఒకరోజు చేప. ఆకుకూర, పప్పు తినేటప్పుడు నిమ్మరసమో, ఉసిరి పచ్చడో, జామకాయ ముక్కలో తోడుంటే అందులోని ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. భోజనానికి అటూ ఇటూ గంటసేపు టీ వద్దు. మునగాకు కూరంటే ముఖం చిట్లిస్తే, వేయించి పొడి చేసి నువ్వులు కలిపి ఇడ్లీ మీద చల్లండి. ఇంకొక మాట, వారంలో ఒకరోజు వంట ఆ అమ్మాయినే ఎంచుకోనివ్వండి. సంతకి తీసుకెళ్లి కూరగాయ తననే ఏరమనండి. తను తెచ్చిన కూరని వద్దని లేచిపోయే పిల్లలు తక్కువ.

ఇదంతా ఒకేసారి మొదలుపెట్టి టెన్షన్ పడకండి. ఈ వారం దాల్మా, సాయంత్రం ఘుగుని, ఈ రెండే చేయండి. అవి అలవాటయ్యాక చోడి అట్టు, తర్వాత ఆవ. జీలకర్ర పొడి, వలిసెల పొడి ఒక ఆదివారం దంచి సీసాల్లో పెట్టుకుంటే రెండు వారాలు వస్తాయి. మీవారిని భోజనమయ్యాక అరగంట నడవమనండి, హెచ్‌బీఏ1సీ మూడు నెలలకోసారి చూపించుకోమనండి. 6.5కి చేరినా, దాటినా, ఈలోగా దాహం, మూత్రం ఎక్కువైనా, బరువు తగ్గుతున్నా ఆలస్యం చేయకుండా డాక్టర్‌ని కలవాలి. అమ్మాయికి మాత్రలు మళ్లీ మొదలుపెట్టిన నెలకి హిమోగ్లోబిన్ చూపించండి. కనీసం ఒక గ్రాము పెరగకపోతే కారణం వెతకాల్సి ఉంటుంది, అప్పుడు రిపోర్టులన్నీ పట్టుకుని పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లండి.