ఒకే ఊరు, రెండు పాలకవర్గాలు

ప్రశ్న: పోర్చుగల్‌లో రెండువేల మంది కూడా లేని చోట్లకు సైతం మునిసిపాలిటీ ఉంటుందని చదివాను. మన లెక్కన అది గ్రామ పంచాయతీ కావాలి కదా! అక్కడి పాలన ఎలా సాగుతుందో ఒక ఉదాహరణతో వివరించగలరు.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మునిసిపాలిటీ అనగానే మనకు పట్టణం స్ఫురిస్తుంది, చిక్కంతా అక్కడే ఉంది. పోర్చుగీసువారు ‘కొన్సెల్యు’ అనేది ఊరితో పాటు చుట్టూ ఉన్న పొలాలను, అడవులను, పల్లెలను కలుపుకొన్న భూభాగాన్ని. దేశం మొత్తం ఇలాంటి 308 భాగాలుగా ఉంది. రాజధాని లిస్బన్ వాటిలో ఒకటైతే, సరిహద్దున ఉన్న బర్రాంకోస్ మరొకటి.

బర్రాంకోస్ అలెంతేజు ప్రాంతంలో, బేజా జిల్లా తూర్పు కొసన ఉంది. ఉత్తరాన, తూర్పున, దక్షిణాన స్పెయినే; పడమటి వైపు మాత్రమే స్వదేశం. విస్తీర్ణం సుమారు 168 చదరపు కిలోమీటర్లు, 2011 జనగణన ప్రకారం జనాభా 1,834. ఓక్ చెట్లు పలచగా పరుచుకున్న మేతభూములు ఇక్కడ విస్తారం. ఆ చెట్ల కాయలు మేసి పెరిగే నల్లపందుల తొడమాంసాన్ని ఉప్పు పట్టించి ఆరబెట్టడం ఈ ఊరికి పేరు తెచ్చిన వృత్తి. అర్దిలా, ముర్తెగా నదుల సంగమం దగ్గర గుట్ట మీద నౌదార్ కోట ఉంది. దినీష్ రాజు 1295లో పట్టణ హక్కులిచ్చిన ఆ నౌదారే 1825 దాకా పాలనా కేంద్రం. ఆ తరువాతే ఆ హోదా బర్రాంకోస్‌కు వచ్చింది. పోర్చుగీసు, దక్షిణ స్పెయిన్ మాటతీరు కలగలిసిన ‘బర్రాంకెన్యు’ ఇక్కడివారి పలుకు. దానిని కాపాడాలని 2021లో దేశ పార్లమెంటు చట్టమే చేయడం నాకు ఎంతో సంతోషం కలిగించిన విషయం.

ఇక పాలన. కొన్సెల్యును నడిపే పాలకమండలి ‘కామరా’. నాలుగేళ్లకోసారి ఎన్నికయ్యే ఈ మండలిలో బర్రాంకోస్‌లో అధ్యక్షునితో కలిపి ఐదుగురుంటారు. అధ్యక్షుణ్ణి ఎన్నుకోవడానికి ప్రజలు వేరేగా ఓటు వేయరు. ఎక్కువ ఓట్లు వచ్చిన అభ్యర్థుల జాబితాలో మొదటి పేరు ఎవరిదో వారే ఆ పదవి చేపడతారు. బడ్జెట్‌ను ఆమోదించి, కామరా పనిని తనిఖీ చేసేందుకు మునిసిపల్ సభ వేరుగా ఉంటుంది. కొన్సెల్యుకు కింది అంచె ‘ఫ్రెగెజియా’ అనే చిన్న పాలనా విభాగం. చాలా కొన్సెల్యులలో ఇవి అనేకం ఉంటాయి. బర్రాంకోస్‌లో ఒక్కటే కనుక, అవే ఎల్లల్లో అదే ప్రజలు రెండు అంచెల పాలకవర్గాలను ఎన్నుకుంటారు. ఇది వృథా అని నాకు తోచదు: మూడు దిక్కులా పరాయి దేశం ఉన్న చోట మంచినీటికీ, బాటలకూ, ఇళ్ల అనుమతులకూ జవాబు చెప్పే కార్యాలయం ఊళ్లోనే ఉండాలి.

మన జిల్లా పరిషత్తు వంటిది మాత్రం అక్కడ లేదు. ప్రధాన భూభాగాన్ని పాలనా ప్రాంతాలుగా విభజించే ప్రతిపాదనను 1998 ప్రజాభిప్రాయ సేకరణలో ఓటర్లు తిరస్కరించారు. 2011 నుంచి జిల్లాలకు గవర్నర్లనూ నియమించడం లేదు. అందువల్ల బర్రాంకోస్ కామరాకూ లిస్బన్‌లోని పార్లమెంటుకూ నడుమ ప్రజలు నేరుగా ఎన్నుకునే అంచె ఏదీ లేదు.