రూమ్‌మేట్ ఇంజెక్షన్లకు అలవాటుపడ్డాడు, కాలేజీలో తెలిస్తే చదువు పోతుందేమో. మేమే మాన్పించవచ్చా?

ఇద్దరూ హౌస్ సర్జన్లమని, సెలవు పెట్టించి గదిలోనే మాన్పిద్దామనుకుంటున్నామని రాశారు. దయచేసి ఆ పని చేయకండి. మేం చేశాం.

మా రూమ్‌మేట్‌కు పెంటాజోసిన్ అనే నొప్పి తగ్గించే మత్తు ఇంజెక్షన్ అలవాటైంది. వెన్నునొప్పితో మొదలై, నైట్ డ్యూటీ తర్వాత నిద్ర కోసం తనే వేసుకునేదాకా వచ్చింది. మండే ఎండల్లో కూడా చొక్కా చేతులు మడిచేవాడు కాదు. ఒకరోజు గది ఊడుస్తుంటే మంచం కింద విరిచిన ఆంప్యూల్ (ఇంజెక్షన్ మందుండే చిన్న గాజు సీసా) మూతులు దొరికాయి. నిలదీస్తే తొడ చూపించాడు. చర్మం చెక్కలా గట్టిపడి, మధ్యలో పుండు. నెలరోజులు నేనే డ్రెస్సింగ్ చేశాను, ఎవరికీ చెప్పలేదు. స్నేహమంటే అదేననుకున్నాను.

తర్వాత ముగ్గురం కలిసి వాణ్ని గదిలో పెట్టి, మందు మాన్పించి సెలైన్ ఎక్కించాం. వాంతులు, విరేచనాలు, ఒళ్లంతా గగుర్పాటు. నాలుగోరోజు లేచి పెరుగన్నం తింటే గండం గడిచిందనుకున్నాం. రెండు వారాలు తిరక్కుండా పాత డోసే వేసుకున్నాడు, పైగా అల్ప్రాజోలం అనే మత్తునిచ్చే మాత్ర మింగాడు. కొన్నాళ్లు మానేస్తే తట్టుకునే శక్తి తగ్గిపోతుందని, అలవాటైన డోసే ప్రాణం మీదికి తెస్తుందని ఫార్మకాలజీలో అందరం చదివాం. ఆ రాత్రి మాకు గుర్తుకే రాలేదు. పెదాలు నీలంగా తిరిగాక క్యాజువాలిటీకి మోసుకెళ్లాం. విరుగుడు మందు నాలొక్సోన్ ఇచ్చి, తెల్లవార్లూ ఆక్సిజన్ మీద ఉంచారు. బతికాడు.

పొద్దున్నే సైకియాట్రీ మేడమ్‌కు మొత్తం చెప్పాను. ఆవిడ ప్రిన్సిపల్‌కు కాగితం పెట్టలేదు. వేరే ఊళ్లో అడ్మిట్ చేయించారు. ఇక్కడ మీ భయానికి జవాబు చెప్పాలి. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం మత్తు అలవాటును కూడా మానసిక అనారోగ్యం కిందే చూస్తుంది, చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలంటుంది. మాదకద్రవ్యాల నియంత్రణకున్న ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఏ సెక్షన్ కూడా ఉంది. సొంతంగా వాడినందుకో, తక్కువ మోతాదు దొరికినందుకో కేసు పడ్డా, గుర్తింపు ఉన్న కేంద్రంలో తనంతట తాను చికిత్సకు వెళ్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది.

మావాడికి హౌస్ సర్జన్సీ నాలుగు నెలలు వెనకబడింది, అంతే. ఆ మత్తు ఎక్కకుండా అడ్డుకునే నాల్‌ట్రెక్సోన్ మాత్ర రోజూ వాళ్లమ్మే దగ్గరుండి వేయించేది. ఏడాదిలోపు ఒకసారి జారాడు, మళ్లీ అదే మేడమ్ దగ్గరికి తనే వెళ్లాడు.

ఇంకోటి, ఇది చెప్పడం కష్టంగానే ఉంది. వాడికి ఆ మందు వచ్చింది వార్డు ఇండెంట్ నుంచే, అంటే రోగుల కోసం వార్డుకు తెప్పించిన మందుల్లోంచే. కాలు విరిగి పడుకున్న ఒక పెద్దాయన 'సూది వేశారు గానీ నొప్పి తగ్గలేదు బాబూ' అని నాతోనే అన్నాడు. నేను కేస్ షీట్ చూసి 'వేశారు కదా తాతా' అన్నాను. మీవాడు డ్యూటీకి వెళ్తుంటే ఈరోజే ఆపించండి.

ఈ సాయంత్రమే సైకియాట్రీలో మీకు నమ్మకమున్న డాక్టర్‌తో మాట్లాడండి. కాలేజీలో వద్దనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. వాడు ఒప్పుకోకపోతే 'నేను కూడా వస్తాను, బయట కూర్చుంటాను' అనండి. మావాడు ఆ మాటకే లేచి చెప్పులు వేసుకున్నాడు.