రూడెల్ పేరిట ఉన్న 519 ట్యాంకుల లెక్క నమ్మొచ్చా?

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ పైలట్ హాన్స్-ఉల్రిష్ రూడెల్ ఒక్కడే 519 ట్యాంకులు ధ్వంసం చేశాడన్నది నిజమేనా, అంత నిదానంగా ఎగిరే స్టూకా (జు-87 అనే జర్మన్ బాంబర్ విమానం)తో అదెలా కుదిరింది అని అడిగారు.

519 అనేది జర్మన్లు అతని ఖాతాలో వేసిన లెక్క. సోవియట్ నష్టాలతో ఒక్కొక్కటీ సరిచూసి తేల్చింది కాదు. పొగ చిమ్ముతున్న ట్యాంకుకీ, పూర్తిగా కాలిపోయిన ట్యాంకుకీ గాల్లోంచి తేడా తెలీదు. ట్రాక్ తెగిన సోవియట్ టి-34 ట్యాంకును లాక్కెళ్లి బాగుచేసి మళ్లీ ముందుకి పంపేవారు. ఒకే ట్యాంకును ఇద్దరు పైలట్లు చెరొకటిగా రాసుకున్న సందర్భాలకూ అవకాశం ఉంది. అందుకే ఆ అంకెను నేను యథాతథంగా తీసుకోను. పద్ధతి మాత్రం నిజంగా పనిచేసేదే.

1943లో వచ్చిన జు-87 జి రకం స్టూకాకి రెక్కల కింద చెరొక 37 ఎంఎం ఫిరంగి ఉండేది. విమానాల్ని కూల్చే ఫిరంగినే మార్చి బిగించారు. ఆరేసి షెల్స్ పట్టే క్లిప్పులు రెండు చొప్పున ఒక్కోదానికి 12, మొత్తం 24 షెల్స్. షెల్ లోపల కవచాన్ని చీల్చే టంగ్‌స్టన్ ములుకు. నిట్టనిలువుగా దూకి బాంబు వేసే పని దీనికి లేదు కాబట్టి డైవ్ బ్రేకులు తీసేశారు. అయినా ఆ ఫిరంగుల బరువుకీ గాలి ఒత్తిడికీ విమానం ఇంకా మందగించింది.

ట్యాంకు ముందువైపు జోలికి పోకూడదు. బాగా కిందికి దిగి, వెనక నుంచో పక్క నుంచో రావాలి. టి-34లో ఇంజను వెనక ఉంటుంది, దాని పైకప్పు పల్చన, గాలి కోసం జాలీలు కూడా ఉంటాయి. అక్కడ ఒక్క షెల్ దూరినా చాలు. ఫిరంగులు రెండూ విమానం మధ్యకి దూరంగా ఉన్నాయి కాబట్టి ఒకటి మొరాయిస్తే రెండోదాని ఎదురు తన్నుకి ముక్కు పక్కకి తిరిగి గురి పోతుంది. ఉన్నవే 24 షెల్స్, దూరం నుంచి కాల్చి వృథా చేసుకోలేరు. దగ్గరికెళ్తే కింది నుంచి కాల్పులు తప్పవు. అందుకే బాంబులు మోసే డి రకం స్టూకాలు తోడెళ్లి విమాన విధ్వంసక ఫిరంగుల నోరు మూయించేవి. అయినా రూడెల్ సుమారు 30 సార్లు నేలమీది కాల్పులకు కూలడమో, బలవంతంగా దిగడమో జరిగింది.

1944 మార్చిలో కూలిన సహచరుల్ని ఎక్కించుకుందామని సోవియట్ భూభాగంలో దిగితే చక్రాలు బురదలో దిగబడ్డాయి, విమానం మళ్లీ లేవలేదు. చల్లటి ద్నీస్టర్ నదిని ఈదాల్సొచ్చింది. వెనక సీటు గన్నర్ ఎర్విన్ హెంట్షెల్ అందులోనే మునిగిపోయాడు. ఈ కథ చెప్పేవాళ్లు రూడెల్ తప్పించుకున్న వైనమే చెబుతారు, హెంట్షెల్‌ను వదిలేస్తారు.

రూడెల్ దెబ్బతీసిన సోవియట్ యుద్ధనౌక మరాట్ సంగతి ఇంతకన్నా గట్టి ఆధారాలున్నది. 1941 సెప్టెంబర్ 23న లెనిన్‌గ్రాడ్ దగ్గరి క్రోన్‌స్టాట్ రేవులో 1000 కిలోల బాంబు దెబ్బకి నౌక ముందు భాగం పేలిపోయింది. కానీ లోతు తక్కువ కావడంతో నౌక అడుగుకి ఆని నిలిచింది. వెనకవైపు ఫిరంగులు తర్వాత జర్మన్ల మీదే పేలాయి.

రూడెల్ పేరిట చెప్పే 2,530 దాడుల లెక్క మాత్రం అసాధ్యమేమీ కాదు. విమానక్షేత్రాలు యుద్ధరేఖకి దగ్గర, ఒక్కరోజులో చాలాసార్లు వెళ్లొచ్చేవారు. 1945 ఫిబ్రవరిలో కుడికాలు మోకాలి కింద పోయాక కూడా యుద్ధం ముగిసేలోపే మళ్లీ ఎగిరాడు.

పొగిడే వ్యాసాలు ఒకటి దాటేస్తాయి. రూడెల్ నాజీయిజాన్ని చివరిదాకా వదల్లేదు. అర్జెంటీనా చేరి, పారిపోయొచ్చిన నాజీలకు సాయపడ్డాడు. 1953లో జర్మనీ ఎన్నికల్లో తీవ్ర మితవాద పార్టీ తరఫున నిలబడ్డాడు. 1976లో వైమానిక దళ సమావేశానికి అతను రావడాన్ని సమర్థించినందుకు పశ్చిమ జర్మనీ ప్రభుత్వం ఇద్దరు జనరల్స్‌ను కొలువు నుంచి పంపేసింది.