తినని జీవాన్ని వేటాడితే తప్పేనా?

మీ తమ్ముడు పండక్కి ఊరొచ్చి కాలవ గట్టున ఎయిర్‌గన్‌తో గువ్వల్ని, కొంగల్ని కొడుతున్నాడు, తినడు, కొట్టి వదిలేస్తాడు, ఇది తప్పేనా అని అడిగారు. తప్పేనండి. కానీ తినట్లేదు కాబట్టి తప్పు అంటే మాత్రం నేను ఒప్పుకోను, మాది తెనాలి పక్కన వరి పండించే ఊరు, తినని జీవాల్ని మేం ఏటా చంపుతూనే ఉంటాం.

ఎలుకల సంగతి చెప్తున్నా. వరి పొట్టకొచ్చే టైముకి పందికొక్కులు పిలకల్ని మొదట్లో కొరికి పడేస్తాయి, తినేది కొంచెం, పాడుచేసేది ఎక్కువ, పొద్దున్నే వెళ్తే మడి మధ్యలో ఖాళీ కనపడుద్ది. కౌలుకి చేసేవాడు అది చూస్తా కూర్చోలేడు కదా. మా నాన్న బుట్టలు పెట్టేవాళ్ళని పిలిపించేవాడు, ఎలుకకి ఇంతని లెక్క. వచ్చిన యానాదులు వాటిని కూర వండుకునేవాళ్ళు, మేం తినం. పట్టిన కారణం ఒకటే, చచ్చిన ఎలుకా ఒకటే, ఎవరు తిన్నారన్నదాన్ని బట్టి పాపం మారుద్దంటే నాకు మనసొప్పదు.

నేను చూసేది ఏంటంటే, చంపకపోతే ఎవరికన్నా నష్టమా, ఇంకో దారి ఉందా, ఆ ప్రాణి ఎంతసేపు నరకం పడింది అని. అందుకే ఎలుకల మందు నాకిష్టం లేదు. బ్రోమాడయోలోన్ తిన్న ఎలుక వెంటనే చావదు, లోపల రక్తం కారి కొన్ని రోజులకి చస్తుంది, ఈలోపు దాన్ని గుడ్లగూబ పట్టుకుంటే ఆ విషం దానికీ ఎక్కుద్ది, రాత్రంతా మన పొలంలో ఎలుకల్ని పట్టేది ఆ గుడ్లగూబే. జెర్రిపోతూ అంతే, విషం లేదు, ఎలుకల్ని తింటది, అయినా కనపడితే చాలు కర్రలు తీసుకుని ఎగబడతారు, నాకు ఒళ్ళు మండేది అక్కడే.

చట్టం కూడా తింటావా లేదా అని అడగదు. కూరకోసం కుందేల్ని కొట్టినా కేసే. 1972 వన్యప్రాణి చట్టంలో ఎలుకలు, కాకులు, పళ్ళు తినే గబ్బిలాల్ని ఐదో షెడ్యూల్ అనే జాబితాలో పెట్టి చంపొచ్చన్నారు, 2022 సవరణలో ఆ షెడ్యూలే ఎత్తేశారు. అడవిపందుల్లాంటివి పంట మీద పడితే అటవీశాఖ పర్మిషన్ రాసిస్తేనే కొట్టాలి, అంతేగానీ చేను చుట్టూ కరెంటు తీగ లాగకూడదు, దానికి మనుషులూ పోతున్నారు.

ఇక మీ తమ్ముడి కొంగ, అది ఎవరి పంట తింది? ట్రాక్టర్ వెనకాల నడుస్తా పురుగులు ఏరుకుంటది. పైగా ఆ గుండుకి చాలాసార్లు ప్రాణం పోదు, రెక్క విరిగి జమ్ములో పడి అక్కడే ఆకలికి చస్తుంది. గన్ తీసి దాచేయండి, మాటలతో వినేట్టు లేడు. పిట్టలంటే అంత సరదా అయితే గుంటూరు పక్కనే ఉప్పలపాడు ఉంది, చెరువులో చెట్లనిండా గూడబాతులు, కొంగలు గూళ్ళు పెడతాయి, ఊళ్ళోవాళ్ళే కాపాడుకుంటున్నారు, ఒకసారి తీసుకెళ్ళి వాళ్ళతో మాట్లాడించండి.