టెక్ సందేహాలు: ఇంటర్వ్యూ కోడ్ రన్ చేశాను, ఇప్పుడేం చేయాలి?

రెండు నెలలుగా ఒకే మెయిల్ వేర్వేరు పేర్లతో వస్తోంది. బెంగళూరు మారతహళ్లి పీజీ నుంచి ఒకరు, బెళ్లందూరు నుంచి ఇంకొకరు, కిందటి వారం కేఆర్ పురం నుంచి ఒకమ్మాయి. విడివిడిగా జవాబులు రాసి విసుగొచ్చింది. అందరికీ కలిపి ఇక్కడే చెప్పేస్తున్నా. ఆ మెయిల్ సారాంశం ఇదీ:

ఆరేళ్ల అనుభవం, ఫుల్‌స్టాక్ పని. విదేశీ కంపెనీ రిక్రూటర్‌నంటూ ఒకావిడ మెసేజ్ పెట్టింది. జీతం ఇప్పటిదానికి రెట్టింపు. 'ఈ రెపో (కోడ్ ఫైళ్ల మూట) క్లోన్ చేసి (దించుకుని) రన్ చేయండి, లాగిన్ పేజీలో ఒక బగ్ ఉంది, ఈ రాత్రికే సరిచేసి పంపండి' అంది. పంపాను. మర్నాటికి ఆవిడ ప్రొఫైలే లేదు. నా లాప్‌టాప్‌కి ఏమైనా అయ్యుంటుందా? యాంటీవైరస్ అయితే ఏమీ లేదంటోంది.

నా జవాబు: అయిపోయిందనే లెక్కలోనే పని మొదలుపెట్టండి. యాంటీవైరస్ మాట పట్టించుకోకండి. ఆ కోడ్‌ని మీ చేత్తో మీరే రన్ చేశారు కాబట్టి, మీరు తెరవగలిగిన ప్రతి ఫైలునీ అదీ తెరవగలదు. ఎస్ఎస్‌హెచ్ కీలు, క్లౌడ్ టోకెన్లు (సర్వర్లలోకి వెళ్లనిచ్చే తాళంచెవుల్లాంటివి), బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు, క్రిప్టో వాలెట్ ఉంటే అదీ.

ఈ మోసానికి పేరు కూడా ఉంది. 2023 నవంబరులో పాలో ఆల్టో నెట్‌వర్క్స్ అనే సైబర్ భద్రతా కంపెనీకి చెందిన యూనిట్ 42 బృందం దీనికి 'కంటేజియస్ ఇంటర్వ్యూ' అని పేరు పెట్టి, వెనక ఉన్నది ఉత్తర కొరియా ముఠాలని చెప్పింది. అంతకుముందు 2022లో రోనిన్ అనే క్రిప్టో నెట్‌వర్క్ నుంచి 60 కోట్ల డాలర్లకు పైగా కొట్టేశారు. అది ఉత్తర కొరియాకి చెందిన లాజరస్ ముఠా పనేనని ఎఫ్‌బీఐ ప్రకటించింది. అక్కడా మొదలు ఒక ఇంజినీరుకొచ్చిన ఆఫర్ లెటర్ పీడీఎఫే అని వార్తలొచ్చాయి. కాబట్టి 'నా దగ్గర ఏముంది దోచుకోవడానికి' అనకండి. మీ టోకెన్‌తో మీ కంపెనీ సర్వర్‌లోకి వెళ్లొచ్చు, వాళ్లకి అది చాలు.

ఒకరు పంపిన రెపోని రన్ చేయకుండా తెరిచి చూశాను. రీడ్‌మీ (ప్రాజెక్టు గురించి వివరించే ఫైలు) ఎంత పొందిగ్గా ఉందో! మన ప్రాజెక్టుల్లో అంత మంచి రీడ్‌మీ ఎప్పుడూ చూడలేదు. ప్యాకేజ్ జేసన్‌లో (ప్రాజెక్టుకి కావాల్సిన ప్యాకేజీల జాబితా ఉండే ఫైల్లో) అనుమానించడానికి ఏమీ లేదు. ఒక కాన్ఫిగ్ (సెట్టింగ్‌ల) ఫైల్లో నలభై లైన్లు, చూడ్డానికి అన్నీ పొట్టివే. కానీ ఎడిటర్ అడుగున అడ్డంగా ఉండే స్క్రోల్ బార్ గోరంతే ఉంది. అంటే ఎక్కడో ఒక లైన్ బాగా పొడుగన్నమాట. కుడివైపుకి లాక్కుంటూ పోతే, వందలకొద్దీ ఖాళీ స్పేస్‌ల తర్వాత, గజిబిజి అక్షరాలతో ఒకే ఒక్క లైన్ కోడ్. స్క్రీన్ మీద కనిపించే భాగంలో అది లేనే లేదు.

ఇక చేయాల్సిన పనులు. ముందు ఆ లాప్‌టాప్‌కి వైఫై తీసేయండి. పాస్‌వర్డ్‌లు వేరే మెషీన్ నుంచి మార్చండి. అదే లాప్‌టాప్‌లో కూర్చుని మారిస్తే కొత్తవి కూడా వాళ్లకే చేరతాయి. మార్చాక 'అన్ని డివైస్‌ల నుంచి లాగౌట్' నొక్కండి. నాకు ఓటీపీ ఉంది కదా అని చాలామంది ఇక్కడే ఆగిపోతారు. మీ బ్రౌజర్‌లోని సెషన్ కుకీ (మీరు లాగిన్ అయ్యారని సైటుకి చెప్పే గుర్తు) దొరికినవాడిని చాలా సైట్లు ఓటీపీ అడగనే అడగవు, మీరే అనుకుని లోపలికి పంపేస్తాయి. కీలు, టోకెన్లు అన్నీ రద్దు చేసి కొత్తవి తీసుకోండి. తర్వాత డిస్క్ మొత్తం తుడిచి ఓఎస్ మళ్లీ వేయండి. 'స్కాన్ చేశాను, క్లీన్ వచ్చింది' అంటే నేను ఒప్పుకోను. డబ్బు పోయినట్టు తెలిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇప్పుడు నేనొకటి అడగాలి. 'నా లాప్‌టాప్' అన్నారు, అది ఆఫీసు ఇచ్చింది కాదు కదా? మెయిల్ రాసినవాళ్లలో చాలామంది ఆఫీసు లాప్‌టాప్‌లోనే చేశారు, దాంట్లో ర్యామ్ ఎక్కువట. ఉన్న ఉద్యోగం వదలడానికి పరీక్ష, రాసేది ఆ ఉద్యోగం వాళ్లిచ్చిన మెషీన్‌లో! మీదీ అదే అయితే ఈరోజే సెక్యూరిటీ టీమ్‌కి చెప్పండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, ఇలాంటివి తెలిసిన 6 గంటల్లోగా కంపెనీ రిపోర్ట్ చేయాలి. ఉద్యోగం వెతుకుతున్నట్టు మేనేజర్‌కి తెలిసిపోతుందన్న టెన్షన్ నాకర్థమవుతుంది. లాగ్స్‌లో వాళ్లే చూసి మిమ్మల్ని పిలిస్తే టెన్షన్ ఇంకా పెద్దది.

ఇకమీదట పరాయి కోడ్‌ని వర్చువల్ మెషీన్‌లోనే (మీ లాప్‌టాప్‌లోనే విడిగా నడిచే ఉత్తుత్తి కంప్యూటర్‌లో) తెరవండి. జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు దించే ఎన్‌పీఎంలో 'ఇగ్నోర్ స్క్రిప్ట్స్' (ఇన్‌స్టాల్ అప్పుడు స్క్రిప్టులు నడవనివ్వని ఆప్షన్) పెట్టి ఇన్‌స్టాల్ చేస్తే చాలని కొందరు చెబుతున్నారు. పైన చెప్పిన రెపోకి అది పనికిరాదు, సర్వర్ స్టార్ట్ చేయగానే ఆ కాన్ఫిగ్ ఫైలు నడుస్తుంది. వీఎస్ కోడ్ ఎడిటర్‌లో కొత్త ఫోల్డర్ తెరిస్తే, ఈ ఫైళ్లు రాసినవాళ్లని నమ్ముతున్నారా అని అడుగుతుంది. మనవాళ్లు చదవకుండా యెస్ కొట్టేస్తారు.

అలాగని తప్పంతా మీ మీద వేయను. అసలు కంపెనీలు చేస్తున్నదేమిటి? శని, ఆదివారాలు రెండూ మింగేసే అసైన్‌మెంట్లు, పేరూ ఊరూ లేని జిప్ ఫైళ్లు, కెమెరా, మైకు, స్క్రీన్ అన్నిటికీ పర్మిషన్ అడిగే పరీక్ష సాఫ్ట్‌వేర్లు. కుదరదంటే అవకాశం పోతుంది. ముక్కూమొహం తెలియనివాళ్లు పంపింది మారుమాట్లాడకుండా ఇన్‌స్టాల్ చేయడం ఇంజినీర్లకి నేర్పింది వీళ్లే. మోసగాడు హెచ్‌ఆర్ మెయిల్‌ని కాపీ కొట్టాడు, అంతే. బ్రౌజర్‌లో తెరుచుకునే ఎడిటర్‌లో గంటసేపు కూర్చోబెట్టి అడగలేరా? అడగొచ్చు. దానికి వాళ్ల ఇంజినీరు కూడా ఒక గంట కూర్చోవాలి, అక్కడే వస్తుంది బద్ధకం.

ఇంకొకరి ప్రశ్న: అనంతపురంలో నాన్నగారికి నా పాత లాప్‌టాప్ ఇచ్చాను. విండోస్ 10 ఉంది, 11కి పనికిరాదంటోంది. అలాగే వాడుకోవచ్చా?

విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. దాంట్లో బ్యాంకు పని వద్దు. యూట్యూబ్, వాట్సాప్ వెబ్ వరకే అయితే తేలికైన లినక్స్ ఒకటి వేసి ఇవ్వండి, పండక్కి వెళ్లినప్పుడు అరపూట పని.

మరొకరి ప్రశ్న: ట్రాక్‌ప్యాడ్ క్లిక్ అవడం లేదు. డ్రైవర్ మూడుసార్లు మార్చాను. లాప్‌టాప్ ఎప్పుడూ ఛార్జింగ్‌లోనే ఉంటుంది.

డ్రైవర్ వదిలేసి, లాప్‌టాప్‌ని మూసి చదునైన బల్ల మీద పెట్టండి. ఒక మూల వేలితో నొక్కితే ఊగుతోందా? అయితే లోపల బ్యాటరీ ఉబ్బి, ట్రాక్‌ప్యాడ్‌ని కింది నుంచి పైకి తోస్తూ ఉండొచ్చు. వెంటనే ఛార్జర్ పీకి, ఆఫ్ చేయండి. నొక్కి సర్దే ప్రయత్నం చేయకండి, సూదితో గాలి తీద్దామని అసలే అనుకోకండి, మంటలొస్తాయి. ఒకప్పుడు రెండు గొళ్లాలు జరిపితే బ్యాటరీ ఊడి చేతికొచ్చేది. ఇప్పుడు పలచదనం పిచ్చిలో గమ్ పెట్టి అతికిస్తున్నారు. ఎలక్ట్రానిక్స్ షాపులుండే ఎస్పీ రోడ్డులో తెలిసిన షాపు ఉంటే తీసుకెళ్లండి, పాతదాన్ని మీ ఎదురుగానే తీయమనండి. కొత్తది వేశాక ఛార్జింగ్‌ని 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ ఉంటే పెట్టుకోండి. అన్నట్టు, బండి మీద సిల్క్ బోర్డ్ గతుకుల్లో ఆ ఉబ్బిన బ్యాటరీని బ్యాగులో కుక్కి తీసుకెళ్లకండి. ఆటో ఎక్కండి.